నలికండ్ల పాము పాము కాదు: యూట్రోపిస్ ప్రజాతి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను దేవరకొండ వైపు ఒక పల్లెలో పుట్టాను, బడిలో జీవశాస్త్రం చెప్తాను. నలికండ్ల పాము గురించి పిల్లలు, పిల్లల తల్లిదండ్రులు, మా వాడకట్టు వాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు పులి గురించి కూడా అడగరు. అమ్రాబాద్ అడవి పక్కనే ఉన్నా పులిని చూసినవాళ్ళు తక్కువ. నలికండ్ల పాము మాత్రం ప్రతి ఇంటి జాలాడు దగ్గరా ఉంటుంది. ఆ ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

నలికండ్ల పాము అంటే పామా, బల్లా?

బల్లుల కోవకు చెందిన జీవి. నలికిరి, నలికీచు అని కూడా అంటారు. నున్నగా మెరిసే ఒళ్ళు, మెడ ఎక్కడ మొదలైందో తెలియని ఆకారం, పొట్టి కాళ్ళు, గడ్డిలో జరజరా పాకే తీరు చూసి మనవాళ్ళు పాము అన్నారు. దూరం నుంచి చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

దగ్గరగా చూడగలిగితే మూడు గుర్తులున్నాయి. కాళ్ళుంటాయి, నాలుగు, వేళ్ళతో సహా. దవడ వెనక చెవి రంధ్రం కనిపిస్తుంది, పాముకు బయటికి చెవి ఉండదు. మూడోది నాకు బాగా ఇష్టమైన గుర్తు: నలికిరి కన్ను మూస్తుంది. పాముకు కదిలే రెప్ప లేదు, గోడ మీది బల్లికీ లేదు. నలికిరి ఎండలో రాయి మీద పడుకుని కింది రెప్పను నెమ్మదిగా పైకి లేపి, కాసేపు కునుకు తీసి, మళ్ళీ దించుతుంది. ఒక్కసారి అది చూసినవాళ్ళు ఇంక దాన్ని పాము అనరు.

కరిస్తే విషం ఎక్కుతుందా?

ఎక్కదు. నలికిరికి విషగ్రంథులు లేవు, కోరలు లేవు. చేత్తో గట్టిగా పట్టుకుంటే భయంతో కరవవచ్చు. చిన్నచిన్న పళ్ళు, చాలాసార్లు చర్మం కూడా తెగదు. తెగితే సబ్బు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

అన్నంలో పడితే విషం, నీళ్ళ కుండలో పడితే విషం అని మా నాయనమ్మ కూడా చెప్పేది. దాని ఒంట్లో విషం లేదు కాబట్టి అన్నంలోకి వచ్చే విషమూ లేదు. ఏ జీవి పడినా ఆ అన్నం పారబోయాలి, అది శుభ్రత కోసం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చీకట్లో ఏదో కరిచింది, ఏం కరిచిందో చూడలేదు, "నలికండ్ల పామే అయ్యుంటుందిలే" అని ఇంట్లో కూర్చోవద్దు. మన పొలాల్లో కట్లపాము, నాగుపాము, రక్తపింజర ఉన్నాయి. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. పసరు మందులు, మంత్రాలు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. నలికిరి అమాయకపు జీవి అని నేను చెప్పే మాట, కళ్ళారా నలికిరిని చూసినప్పటికే.

పాము కాదన్నారు. మరి పాముకు దగ్గరి చుట్టమైనా అవుతుందా?

ఇంటర్ బైపీసీ పిల్లలు ఈ ప్రశ్న అడిగితే నాకు పండగే. బల్లులు, పాములు అన్నీ కలిసి స్క్వామేటా అనే ఒకే క్రమంలో ఉంటాయి. అందులో పాములకు దగ్గరి చుట్టాలు ఏవి అని డీఎన్ఏ ఆధారంగా చూసినప్పుడు ఉడుముల శాఖ, తొండలూ ఊసరవెల్లుల శాఖ పాములకు దగ్గరగా వచ్చాయి. నలికిరి శాఖ వాటికన్నా ముందే విడిపోయి దూరంగా ఉంది. అంటే కంచె మీద తల ఊపుతూ కూర్చునే తొండ పాముకు దగ్గర, మనం పాము అని పిలిచే నలికిరి దూరం!

ఒంటి ఆకారం చూసి చుట్టరికం కట్టలేం అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు మట్టిలో, ఆకుల్లో దూరి బతకడానికి అనువైనవి. అవి వేర్వేరు శాఖల్లో వేర్వేరుగా వచ్చాయి.

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అనే మాట ఉంది కదా, అదీ ఇలాంటిదే. తొండది అగామిడే కుటుంబం, ఊసరవెల్లిది కమీలియోనిడే కుటుంబం. తొండ ఎంత ముదిరినా తొండే.

యూట్రోపిస్ అంటే ఏమిటి? ప్రజాతి, జాతి తేడా ఏమిటి?

నలికిర్లన్నీ సింసిడే అనే కుటుంబం. ప్రపంచంలో ఈ ఒక్క కుటుంబంలోనే 1,700కు పైగా జాతులున్నాయి. బల్లుల కుటుంబాల్లో చాలా పెద్దది. కుటుంబం లోపల ప్రజాతులు, ప్రజాతి లోపల జాతులు. ఇంటిపేరు, పేరు లాంటిదే: మొదటి మాట ప్రజాతి, రెండో మాటతో కలిపి జాతి. యూట్రోపిస్ కారినాటా అంటే యూట్రోపిస్ ఇంటిపేరున్న కారినాటా.

యూట్రోపిస్ అనే పేరును 1843లో ఫిట్జింగర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పెట్టాడు. గ్రీకు భాషలో "ట్రోపిస్" అంటే ఓడ అడుగున నిలువునా ఉండే గట్టు దూలం. "యూ" అంటే మంచి, చక్కని. చక్కని గట్లున్నది అని అర్థం. కారినాటా అనే లాటిన్ మాటకూ అదే అర్థం! ఇంటిపేరూ గట్టే, పేరూ గట్టే.

ఏం గట్లు అంటే, పొలుసుల మీద ఉండేవి. పోయిన ఏడు వానాకాలంలో మా పిల్లి ఒక పెద్ద నలికిరిని చంపి వాకిట్లో వదిలేసింది. నాకు బాధేసింది, కానీ వదల్లేదు. తెల్ల కాగితం మీద పెట్టి, బడి ల్యాబ్‌లోని భూతద్దంతో చూశాను. గూన పెంకులు పరిచినట్టు పొలుసు మీద పొలుసు, ఒక్కోదాని అంచు వెనకదాన్ని కప్పుతూ ఉంది. ప్రతి పొలుసు మీదా తల నుంచి తోక వైపు మూడు సన్నటి గట్లు, దున్నిన చాళ్ళ మధ్య మిగిలే గట్లలాగా. చేత్తో తోక వైపు నిమిరితే నున్నగా జారింది, తల వైపు నిమిరితే గోరుకు గరుకుగా తగిలింది. మామూలుగా చూస్తే నూనె రాసినట్టు మెరిసే ఒంటి మీద అన్ని గట్లుంటాయని నేను కూడా అప్పటిదాకా చేత్తో తెలుసుకోలేదు. ఆ పొలుసుల కింద సన్నటి ఎముక పలకలు కూడా ఉంటాయి, అందుకే దాని ఒళ్ళు అంత గట్టిగా, బిగుతుగా ఉంటుంది.

మా ఇంటి దగ్గర కనిపించేది ఏ జాతి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్ళల్లో బొద్దుగా, బారెడు తోకతో, గోధుమ రంగు వీపుతో, పక్కల లేత గీతతో కనిపించేది చాలావరకు యూట్రోపిస్ కారినాటా. 1801లో ష్నైడర్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. తోక వదిలేసి ఒళ్ళే దాదాపు 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పొలుసుకు మూడు గట్లు, కొన్నింటికి అయిదు.

దానికన్నా చిన్నది యూట్రోపిస్ మాక్యులేరియా, 1853లో బ్లిత్ వర్ణించినది. ఒళ్ళు 7 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. కంచు రంగు. పొలుసు మీద గట్లు ఎక్కువ, అయిదు నుంచి తొమ్మిది. జతకట్టే కాలంలో మగదాని గొంతు, పక్కలు ఎర్రగా, నారింజ రంగులోకి తిరుగుతాయి. వానలు మొదలయ్యాక బండల సందుల్లో ఎర్ర గొంతు చిన్న నలికిరి కనిపిస్తే అదే అనుకోవచ్చు.

మూడోది అసలు ఈ ప్రజాతిదే కాదు, కానీ జనం ఎక్కువ భయపడేది దానికే. రియోపా పంక్టాటా. వేలంత సన్నం, కాళ్ళు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి, వీపు పొడుగునా నల్లటి చుక్కల వరసలు. పిల్లలకు తోక ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది. పూలకుండీ ఎత్తగానే ఆ ఎర్ర తోక మెలికలు తిరిగితే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. దానికీ విషం లేదు. పొలుసులు నున్నన, గట్లుండవు. కాబట్టి గట్లు చూస్తే యూట్రోపిసా రియోపానా అన్నది మొదటి చూపులోనే తేలుతుంది.

ఎర్ర తోక ఎందుకు?

శత్రువు చూపు తల మీద పడకుండా తోక మీద పడటానికి. తోక పోయినా ప్రాణం మిగులుతుంది.

తోక తెగిపోయి మళ్ళీ మొలుస్తుందంటారు, నిజమేనా?

నిజం. తోక ఎముకల్లో ముందే బలహీనమైన చీలిక గీతలుంటాయి. పిల్లి పట్టుకోగానే ఆ గీత దగ్గర కండరాలు బిగుసుకుని తోక ఊడుతుంది. రక్తం పెద్దగా పోదు. ఊడిన తోక కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది, పిల్లి దాని వెంట పడుతుంది, నలికిరి బండ కిందికి జారుకుంటుంది.

కొత్త తోక మొలుస్తుంది గానీ పాతది తిరిగి రాదు. కొత్తదానిలో ఎముకలుండవు, మెత్తటి మృదులాస్థి కడ్డీ మాత్రమే ఉంటుంది. రంగు, పొలుసుల తీరు కూడా మారుతుంది. తోకలో దాచుకున్న కొవ్వు కూడా పోతుంది కాబట్టి దానికి అది చిన్న నష్టం కాదు. సరదా కోసం తోక ఊడగొట్టే పిల్లలకు నేను ఈ మాట తప్పకుండా చెప్తాను: ఎండాకాలానికి అది దాచుకున్న గింజల గాదె మీరు తగలబెట్టారు అని.

పాత పుస్తకాల్లో మబూయా అని ఉంది. యూట్రోపిస్ అంటే వేరే జీవా?

అదే జీవి, ఇంటిపేరు మారింది. 1826లో ఫిట్జింగరే మబూయా అనే ప్రజాతి పేరు పెట్టాడు. ఆ తర్వాత గట్ల పొలుసులు, మామూలు కాళ్ళు ఉన్న నలికిరి ఎక్కడ దొరికినా, దక్షిణ అమెరికా కానీ ఆఫ్రికా కానీ ఆసియా కానీ, మబూయాలోనే వేస్తూ పోయారు. 1935లో మాల్కం స్మిత్ మన దేశపు బల్లుల మీద రాసిన సంపుటంలోనూ మన ఇంటి నలికిరి మబూయా కారినాటానే. నేను చదువుకున్న రోజుల్లోనూ అంతే.

2002లో మౌస్‌ఫెల్డ్, ఆయన తోటివాళ్ళు డీఎన్ఏ పోల్చి చూసి ఆ పెద్ద కుప్పను నాలుగుగా విడదీశారు. దక్షిణ అమెరికావి మబూయాగా మిగిలాయి. కేప్ వర్డ్ దీవులవి కియోనీనియా. ఆఫ్రికావాటికి అప్పుడు పెట్టిన పేరు నిలవలేదు, మరుసటి ఏడే బావర్ చెప్పిన మీదట ట్రాకిలెపిస్ అయ్యాయి. ఆసియావి యూట్రోపిస్. 1843లో పెట్టి పక్కన పడేసిన పాత పేరునే దుమ్ము దులిపి వాడుకున్నారు, ఎందుకంటే నియమం ప్రకారం అప్పటికే ఉన్న పేరు పనికొస్తే కొత్తది పెట్టకూడదు. ఇప్పుడు యూట్రోపిస్‌లో నలభైకి పైగా జాతులున్నాయి.

"సైంటిస్టులు ఊరికే పేర్లు మారుస్తారు" అని కొందరు విసుక్కుంటారు. నాకు అలా అనిపించదు. ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన ఒకే వంశం కాదు. నల్లగొండలో ఒక ఇంటిపేరు, గుంటూరులో అదే ఇంటిపేరు, గోత్రాలు అడిగితే వేరు. డీఎన్ఏ ఆ గోత్రం అడిగినట్టు.

రియోపా సంగతీ ఇంతే. గ్రే 1839లో పెట్టిన పేరు. చాలా కాలం దాన్ని లైగోసోమా అనే పెద్ద ప్రజాతిలో కలిపేశారు. 2019లో ఫ్రెయిటస్ బృందం ఆఫ్రికా, ఆసియా జాతులన్నీ పోల్చి లైగోసోమాను మళ్ళీ విడగొట్టింది. చుక్కల నలికిరి తిరిగి రియోపా అయింది. ఇంకా చాలా చోట్ల లైగోసోమా పంక్టాటా అనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు, రెండూ ఒకటే.

మన ప్రాంతం పేరు మీద నలికిరి జాతి ఏదైనా ఉందా?

ఉంది. రెండున్నాయి. ఈ పేజీ రాయాలనిపించిందే వాటి కోసం.

భారత జంతు సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఆర్. సి. శర్మ 1969లో నాగార్జునకొండ లోయ నుంచి రెండు కొత్త నలికిర్లను వర్ణించాడు. ఒకదానికి నాగార్జున పేరు పెట్టాడు, ఇప్పుడు దాన్ని యూట్రోపిస్ నాగార్జునెన్సిస్ అంటున్నారు. రెండోదానికి పెట్టిన పేరు అశ్వమేధి. ఒక బల్లికి అశ్వమేధం పేరు ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. నాగార్జునకొండ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 3వ శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ యాగం చేశాడని అక్కడి శాసనాలు చెప్తాయి. తవ్వకాల్లో బయటపడ్డ ఆ అశ్వమేధ స్థలం పేరే నలికిరికి వచ్చింది.

లోయ అప్పట్లో గుంటూరు జిల్లా వైపుది. కానీ కృష్ణకు ఇవతలి గట్టు మన నల్లగొండ, అవే కొండలు, అదే రాయి, అదే ముళ్ళ చెట్ల అడవి. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, మునిగిపోబోయే లోయను ఆ ఏళ్ళల్లోనే ఆత్రంగా తవ్వారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళతో మన మిర్యాలగూడ పొలాలు పచ్చబడ్డాయి, విజయపురి నీళ్ళ కింద ఉండిపోయింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపు వైపుకు తరలించారు. లాంచీలో కొండకు వెళ్ళినవాళ్ళు వాటిని చూసే ఉంటారు.

నేను వెళ్ళినప్పుడు మ్యూజియం చూసి వస్తుంటే పాత రాళ్ళ వరస మీద ఒక నలికిరి ఎండకు ఒళ్ళు పరుచుకుని ఉంది. మా వెనక వస్తున్న పెద్దాయన "అయ్యో, పాము, పాము" అంటూ రాయి ఎత్తాడు. "పాము కాదు పెద్దనాయనా, నలికిరి. దీని వంశంలో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు" అన్నాను. ఆయన రాయి దించి, కాసేపు చూసి, "గట్లనా? మా చేన్లో శానా ఉంటయ్ బిడ్డా, ఇన్నేండ్లు కొట్టి సంపినం" అన్నాడు. అప్పటికి అది బండ సందులోకి పోయింది.

అశ్వమేధి కూడా యూట్రోపిసేనా?

ఇప్పుడు అలాగే లెక్కిస్తున్నారు. శర్మ దాన్ని మొదట రియోపాలో పెట్టాడు. రియోపాను లైగోసోమాలో కలిపినప్పుడు అదీ లైగోసోమా అయింది. చివరికి యూట్రోపిస్ అశ్వమేధిగా జాబితాల్లోకి వచ్చింది. ఒక్క చిన్న జీవికి మూడు ఇంటిపేర్లు! ఏ ప్రజాతి పేరు మారినా "అశ్వమేధి" అన్న రెండో మాట, 1969 అన్న ఏడాది దాన్ని వదలవు. వర్గీకరణలో నాకు నచ్చే న్యాయం ఇది: జాతికి మొదట పేరు పెట్టిన మనిషి, ఏడాది ఎప్పటికీ దాని వెంటే ఉంటాయి. ప్రజాతి మారినట్టయితే ఆ పేరును, ఏడాదిని బ్రాకెట్లలో రాస్తారు. అందుకే బ్రాకెట్లు చూడగానే ఈ జీవి ఇల్లు మారిందని పోల్చుకోవచ్చు.

ఏం తింటాయి? పంటకు నష్టమా?

బొద్దింకలు, కీచురాళ్ళు, గొల్లభామలు, చెదలు, సాలీళ్ళు. పెద్ద కారినాటా అప్పుడప్పుడు తనకన్నా చిన్న బల్లిని కూడా మింగుతుంది. ఆకు, గింజ ముట్టదు. పత్తి చేనుకైనా, కూరగాయల మడికైనా దానివల్ల మేలే గానీ నష్టం లేదు.

వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ కనిపిస్తాయి?

వానతో పురుగులు, పురుగులతో నలికిర్లు. ఎండాకాలంలో కూడా ఉంటాయి, కానీ మన దగ్గర మే నెల మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేం కదా, అదీ పెట్టలేదు. పొద్దున్నే కాసేపు ఎండ కాగి, వేట చూసుకుని, ఎండ ముదిరేలోపు నీడకు పోతుంది. ఒళ్ళు వెచ్చబడితేనే దానికి పరుగు వస్తుంది. చలికాలం పొద్దున చూస్తే మత్తుగా కదులుతుంది, ఆ సమయంలోనే ఎక్కువగా దెబ్బలు తింటుంది. కారినాటా, మాక్యులేరియా గుడ్లు పెడతాయి. ఈ ప్రజాతిలోనే ఈశాన్య భారతం వైపు ఉండే మల్టిఫాసియేటా మాత్రం పిల్లల్ని కంటుంది. ఒకే ఇంటిపేరులో రెండు పద్ధతులు.

ఇంట్లోకి వస్తే ఏం చేయాలి?

తలుపు తీసి ఉంచి, చీపురుతో నెమ్మదిగా బయటికి దారి చూపండి. వేడి నీళ్ళు పోయొద్దు, ఫినాయిల్ చల్లొద్దు. టెన్షన్ పడి కొట్టేవాళ్ళని నేను తప్పు పట్టను, చిన్నప్పుడు నేనూ కొట్టాను. ఒక హాస్టల్ బాత్రూమ్‌లో పిల్లలంతా కలిసి చుక్కల నలికిరిని కర్రతో చంపి పాముపిల్ల అని గుంత తీసి పూడ్చారు. నన్ను పిలిచి చూపించారు. బురద కడిగి చూస్తే నాలుగు కాళ్ళున్నాయి, అగ్గిపుల్ల మందులంత. పిల్లల్లో ఒకడు నోరు మూసుకుని ఏడ్చాడు. వాడే ఇప్పుడు తరగతిలో అందరికీ రెప్ప గుర్తు చెప్తాడు.

మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇంటి గోడ పక్క ఇటుకల కుప్ప, పాత కట్టెలు, తడి జాలాడు చూడండి. అక్కడ బొద్దింకలు పెరుగుతున్నాయి, వాటి కోసం వస్తోంది.

నేను తీసిన ఫోటో చూసి జాతి చెప్పగలరా?

వీపు ఒక్కటే తీస్తే కష్టం. తల పక్క నుంచి, కన్ను, చెవి రంధ్రం స్పష్టంగా కనిపించేలా ఒకటి. వీపు మీది పొలుసులు గట్లు లెక్కపెట్టేంత దగ్గరగా ఒకటి. కాళ్ళు, వేళ్ళు కనిపించేలా ఒకటి. పక్కన రూపాయి బిళ్ళ ఉంటే సైజు తెలుస్తుంది. ఫోన్ కెమెరా చాలు. పొద్దున ఎనిమిదింటికి ముందు, అది ఎండ కాగుతూ కదలకుండా ఉన్నప్పుడు నెమ్మదిగా దగ్గరికి వెళ్ళండి. చేత్తో పట్టుకోవద్దు, తోక పోతుంది. తీసినవి ఐనాచురలిస్ట్ అనే, జీవుల ఫోటోలు పెట్టే వెబ్‌సైట్‌లో ఊరు, తేదీతో పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్తారు. పెద్దవూర, అచ్చంపేట, మన్ననూరు వైపు వాళ్ళు పెడితే నేను తప్పక చూస్తాను, గట్లు లెక్కపెట్టుకుంటూ.